ఆరాక చూడండి

పెడనలో మా అద్దకం షెడ్డుకి ఒక కట్టుబాటు ఉంది. గుడ్డ మీద చెక్క అచ్చు వేసేవాళ్ల ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. చూపు తగిలితే చెయ్యి బెదురుతుంది, అచ్చు జరిగిపోతుంది. యజమాని అయినా సరే రంగు ఆరాకే వచ్చి చూసుకోవాలి. ముప్పై ఏళ్లు ఆ బల్ల దగ్గర నిలబడ్డ అచ్చమ్మని నేను. అయినా మా మనవరాలు రోజా విషయంలో, అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

ఇది రెండువేల ఒకటి నాటి మాట. రోజాకి పదకొండేళ్లు. ఎవరైనా తేరిపార చూస్తే చేతులు ఆడిస్తుంది, ఊగుతుంది, నోరు పెగలదు. తెలివి సరిగానే ఉందని డాక్టరు రాసిస్తేనే ఆరో తరగతిలో చేర్చుకుంటానన్నారు హెడ్మాస్టరు. లేదంటే దాని చదువు అక్కడితో సరి.

బందరు తీసుకెళ్లాను. డాక్టరు గోవర్ధనరావు గారు మంచాయనే. ఎరుపూ తెలుపూ చెక్కముక్కలు ఇచ్చి, అట్టమీద బొమ్మ చూపించి, అలాగే పేర్చమన్నారు. ఎదురుగా ఆయన, చేతిలో గడియారం. అటొకడు ఇటొకడు డాక్టరీ చదివే కుర్రాళ్లు, నోటుపుస్తకాలు పట్టుకుని. "సార్ వైపు చూడవే" అని వెనక నుంచి నేనొక పోటు. పిల్ల ఒక్క ముక్క ముట్టలేదు, ఊగుతూ కూర్చుంది. మూడుసార్లు చూపించినా అంతే. ఆయన నిట్టూర్చి కలం తీశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, నా మీద నాకే. షెడ్డులో నా పక్కన నిలబడి అచ్చుకి అచ్చు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపే పిల్లని, నేనే తెచ్చి ఇంతమంది చూపుల మధ్య కూర్చోబెట్టాను.

"రాయకండి బాబూ. అందరూ లేచి కిటికీ వైపు తిరగండి," అన్నాను.

"చూడకుండా మార్కులెలా వెయ్యనమ్మా?"

"అద్దకం ఎలా చూస్తారండీ? ఆరాక చూస్తారు."

ఆయన నవ్వారు, కానీ లేచారు. ఆయన దగ్గరున్న ఆరు బొమ్మల అట్టలూ, పెట్టెల్లో ఉన్న ముక్కలన్నీ బల్ల మీద పెట్టించాను. మేం నలుగురం వీధిలోకి చూస్తూ నిలబడ్డాం. వెనక చప్పుడు లేదు. ఒక కుర్రాడు తల తిప్పబోతే మోచేత్తో పొడిచాను. అప్పుడు టక్. ఇంకో టక్. ఆ తర్వాత ఇక ఆగలేదు.

"ఆరింది," అంది రోజా.

తిరిగి చూశాం. ఆరు బొమ్మలూ ఒకే వరసలో, చీర అంచులా, అతుకు కనపడకుండా ఉన్నాయి. డాక్టరు గారు గడియారం చూసి మళ్లీ చూశారు. "ఈ వయసులో ఇంత తొందరగా చేసినవాళ్లని నేను చూడలేదమ్మా," అన్నారు. నేను ఏడ్చేశాను. చెప్పుకోడానికి సిగ్గేముంది?

ఆయన సంబరంగా దాని ముందుకి వంగి, "ఆరో తరగతికి వెళ్తావా?" అన్నారు. పిల్ల చేతులు మళ్లీ ఆడాయి. ఆయనకి అర్థమైంది. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, అదే మాట వీధిని అడిగినట్టు అడిగారు.

"చివరి బెంచీ అయితే వెళ్తాను. నా వెనక ఎవరూ ఉండకూడదు," అంది రోజా.

పిల్ల తెలివికి లోటేమీ లేదని, దాని కింద ఆ రెండు మాటలూ కాగితంలో రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చారు. మర్నాడు హెడ్మాస్టరు గారు అది చదువుతుంటే, నేను సరిగ్గా ఎదురుగా నిలబడి కళ్లార్పకుండా చూశాను. చేర్చుకున్నట్టు సంతకం పెట్టేటప్పుడు ఆయన చెయ్యి కాస్త బెదిరింది.