పదోవంతు

విజయవాడలో తన అబద్ధాన్ని పట్టుకునే మనిషి ఇంకా పుట్టలేదని జాహిద్ గొప్పలు చెప్పుకునేవాడు. ఆ మనిషి వాడికంటే పాతికేళ్ళు ముందే పుట్టింది. తారాపేటలో కుట్టుమిషను పెట్టుకుని, వాణ్ణి కూడా ఆవిడే కన్నది. పేరు జహీదా.

జాహిద్ చిన్న అబద్ధాలు ముట్టుకునేవాడు కాదు. పామర్రు బస్సులో ఒకావిడ బుట్టలోని కోడి గుడ్డు పెడితే, కండక్టరు ఆ గుడ్డుకి హాఫ్ టికెట్ కొట్టాడని మొహంలో ఒక్క గీత కదలకుండా చెప్పేవాడు. మే నెల ఎండకి ట్రాఫిక్ పోలీసు నోట్లో ఈల కరిగిపోయిందనేవాడు. జహీదా మెడలో వేలాడే టేపు సర్దుకుంటూ "పదోవంతు" అనేది. వాడు చెప్పినదాంట్లో పదోవంతే నమ్మాలని అర్థం. ఆ ఇంట్లో అదే చట్టం.

బీడీ వాసనకే ముక్కు మూసుకునే జహీదాకి ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది. అది 2008. గడ్డలోంచి తీసిన ముక్క, పరీక్షకి జాహిద్ పనిచేసే ల్యాబుకే వచ్చింది. ముక్కని మైనపు దిమ్మలో బిగించి, మిషను బ్లేడు మీద ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పరవడం వాడి ఉద్యోగం.

"నువ్వొద్దులే జాహిద్. ఇంకొకళ్ళు కోస్తారు" అన్నారు డాక్టర్ జీవరత్నం గారు. పలకలు చూసి రోగం తేల్చేది ఆవిడే.

"మా అమ్మీ తన చేతికిచ్చిన బట్ట ఇంకొకళ్ళతో కోయించదు మేడమ్" అన్నాడు జాహిద్.

వాడే కోశాడు. డాక్టరుగారు వాణ్ణి పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు.

"గడ్డంటే గడ్డ ఒక్కటే కాదయ్యా. చుట్టూ ఒక ఊరుంటుంది. ఈ నారపోగులు దాని గోడలు. ఈ నాళాలు దానికి నెత్తురు మోసుకొస్తాయి. నీలం చుక్కలు కనపడుతున్నాయా? మన ఒంటి కాపలావాళ్ళు. లోపలికెళ్ళలేక బయటే నిలబడ్డారు చూడు."

అదృష్టం కొద్దీ ఆ గడ్డకి సరిపడే మాత్ర ఒకటుంది. రోజుకొకటి. గడ్డ పెరగడానికి వాడుకునే తలుపుని అది మూసేస్తుందట. తలుపు మూసుకుంటే చుట్టూ ఉన్న ఊరు కూడా మారుతుందనీ, కాపలావాళ్ళకి దారి దొరుకుతుందనీ ఆవిడ చెప్పారు.

మొదటి మాత్ర మింగేముందు జహీదా కొడుకుని ట్రంకుపెట్టె దగ్గరికి పిలిచింది. మూత తీస్తే నిండా జాకెట్టు ముక్కలు, చుడీదారు బట్టలు, కూచిపూడి నుంచి కనకలక్ష్మి ఇచ్చివెళ్ళిన పట్టు. కూతురికి డాన్సు డ్రెస్సు కుట్టమని.

"ఇవన్నీ అమానతురా. జనం నమ్మి నా దగ్గర పెట్టినవి. రేపు అల్లా ముందు ఎవరిదో జాకెట్టు ముక్క చేత్తో పట్టుకుని నిలబడమంటావా? ఈ మాత్ర పనిచేయడం మానేసిన రోజున, ఆ రోజే నాకు చెప్పాలి. ఎవరివి వాళ్ళకి అప్పజెప్పుకోవాలి."

"చెప్తాలే అమ్మీ."

"చెప్తాలే కాదు. మాటివ్వు."

ఇచ్చాడు.

మాత్రకి జహీదా మొహం నిండా మొటిమలు లేచాయి. "మా అమ్మీకి పదహారేళ్ళొచ్చాయి, సంబంధాలు చూస్తున్నాం" అని వీధంతా చెప్పొచ్చాడు జాహిద్. మూడో నెల స్కానింగు కవరు ఊపుకుంటూ వచ్చాడు.

"నిమ్మకాయంత గడ్డ ఆవగింజంతయింది అమ్మీ! ఆ ఆవగింజ కూడా నీకు జడిసి బందరు బస్సెక్కింది. చెప్పులు ఇక్కడే మర్చిపోయింది."

"పదోవంతు" అంది జహీదా. దగ్గు లేకుండా నవ్వింది. కాగితంలో ఉన్నది సగానికి సగం తగ్గిందని. ఆ వారమే ఆరు జాకెట్లు ఒప్పుకుంది.

పద్నాలుగు నెలలు అలా గడిచాయి. తర్వాత దగ్గు తిరిగొచ్చింది. మళ్ళీ స్కానింగు తీశారు, మళ్ళీ ముక్క తీశారు. మళ్ళీ వాడే కోశాడు. ఈసారి బ్లేడుకి ముక్క గట్టిగా తగిలింది. జీవరత్నం గారు చాలాసేపు చూసి, లేచి తన కుర్చీ వాడికిచ్చారు.

నారపోగులు ముందుకన్నా దట్టంగా అల్లుకుపోయి ఉన్నాయి. నీలం చుక్కల కోసం పలకని ఆ చివర నుంచి ఈ చివరకి జరిపాడు. వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి.

"మాత్ర ఆ తలుపు ఇంకా మూసే ఉంచిందేమో. కానీ గడ్డ చుట్టూ ఉన్న ఆ ఊరివాళ్ళే దానికి దొడ్డిదారి తీసి కూడు పెడుతుంటారని ఇప్పుడిప్పుడే అంటున్నారు. ఇంకా తేలలేదులే" అన్నారావిడ.

మూడు వారాల్లో సెలైన్లో ఎక్కించే మందులు మొదలుపెడదామనీ, అవి గడ్డని కొన్ని నెలలే ఆపగలవనీ ఆసుపత్రి డాక్టరు జాహిద్‌ని బయటకి పిలిచి చెప్పాడు. ఇంట్లో నిదానంగా చెప్పుకోమన్నాడు.

జహీదా మిషను తొక్కుతూనే అడిగింది. "ఏమొచ్చింది?"

"రెండు మిల్లీమీటర్లు తగ్గింది అమ్మీ. బలానికి సెలైన్లు పెడతారట."

మిషను ఆగింది. జహీదా మెడలోని టేపు మీద ఆ రెండు గీతల్నీ వేళ్ళ మధ్య పెట్టి చూసుకుంది. "మంచిది" అని మళ్ళీ తొక్కింది. పదోవంతు అనలేదు. తల్లి దగ్గర కూడా గెలిచానని ఆ పూట జాహిద్ అనుకున్నాడు. అన్నం మాత్రం కంచంలోనే వదిలేశాడు.

సెలైన్లకి రెండు రోజులుందనగా బస్టాండులో కనకలక్ష్మి ఎదురైంది.

"ఏం బాబూ, మీ అమ్మగారికి అంత తొందరేంటి? మా పిల్ల ప్రోగ్రాం ఇంకా రెండు నెలలుందండీ అంటున్నా, ఈ ఏటి డ్రెస్సు కూడా కుట్టేసి కబురుపెట్టారు. పక్కావిడ బట్ట కుట్టకుండానే తిరిగిచ్చేశారట!"

జాహిద్ ఇంటికి వచ్చి నేరుగా ట్రంకుపెట్టె మూత ఎత్తాడు. అడుగున ఒక్క బట్ట ఉంది. రంజానుకి చొక్కా కుట్టమని వాడిచ్చిన నీలం బట్ట.

"అదొక్కటే మిగిలింది. ఇలా రా, కొలత తీసుకోవాలి" అంది వెనకనుంచి జహీదా.

వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ టేపు ఛాతీ చుట్టూ తిప్పింది. దగ్గొస్తే ఆగి, మళ్ళీ పట్టుకుంది.

"ఎప్పుడు తెలిసింది అమ్మీ?"

"నువ్వు చెప్పినప్పుడే."

"తగ్గిందనేగా చెప్పా!"

"రెండు మిల్లీమీటర్లన్నావు. పుట్టి బుద్ధెరిగాక నీ నోటి నుంచి అంత చిన్న మాట ఎప్పుడన్నా వచ్చిందిరా? నిజంగా తగ్గుంటే, ఆ గడ్డ కృష్ణలో దూకి ఈదుకుంటూ సముద్రంలోకి పోయిందనేవాడివి. ఊపిరి బిగబట్టకు, కొలత తప్పుద్ది."

జాహిద్ ఊపిరి వదిలాడు. దాంతోపాటు మిగతాది కూడా వచ్చేసింది.

"పెరిగింది అమ్మీ. మొదట ఉన్నదానికంటే పెద్దదైంది. నేనే కోశా, నేనే చూశా. గోడలు మందమైపోయినయ్. కాపలావాళ్ళు లేరు, వెతికినా లేరు. బలానికి కాదు సెలైన్లు, అది కూడా అబద్ధమే. మాటిచ్చి తప్పా. చెప్తే నువ్వు బట్టలన్నీ తిరిగిచ్చేస్తావని... ఇచ్చేస్తే ఇంక నిజంగానే..."

టేపు వాడి గుండె మీద అలాగే ఉంది. జహీదా పైకి చూసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాటని అడుగుతున్నట్టు అంది.

"పదోవంతేనా?"

"కాదు అమ్మీ" అన్నాడు జాహిద్. "ఈసారి మొత్తం."