ఎవరూ ఎత్తని ఫోన్

గుండీలన్నీ పెట్టి, కాలితో మీట తొక్కగానే బొమ్మ ఊపిరి పీల్చుకుంది. తలా చేతులూ లేని గుడ్డ మొండెం అది. అడుగునుంచి ఆవిరి తన్నుకురాగానే ఛాతీ పొంగి, చొక్కా మీది ముడతలు వీడిపోతాయి. మీట వదిలితే నిట్టూర్చి కుంగిపోతుంది. పూటపూటా కొత్త చొక్కాలు తొడిగించుకుంటుందని, ఆ హోటల్ లాండ్రీలో ఆడవాళ్లు దానికి 'అల్లుడుగారు' అని పేరు పెట్టారు. పంతొమ్మిదేళ్లుగా ఆ అల్లుడుగారికి మర్యాదలు చేస్తున్న మనిషిని అందరూ ఇస్త్రీ అక్క అంటారు.

ఇవాళ గుండీలు ఆమె వేళ్లకు చిక్కడం లేదు. మణికట్టు మీద పాత కాలిన మచ్చలు చెమటకు మెరుస్తున్నాయి. వెనక కడ్డీకి వేలాడుతున్న చొక్కాలు, తను అటు తిరిగినప్పుడల్లా కదలడం ఆపేసినట్టు అనిపిస్తోంది. నిన్న సాయంత్రం సీసాలో మిగిలిన మందు తూములో పారబోసింది. అప్పటినుంచి గొంతులోకి మంచినీళ్లు తప్ప ఏమీ దిగలేదు.

ఒళ్లు నొప్పులకని మొదలైన అలవాటు. భర్త ఉన్నన్నాళ్లూ రాత్రిపూట ఒక గుక్క. ఆయన పోయాక పగలు కూడా. గంజిపొడి డబ్బా వెనక దాచిన సీసా సంగతి ఎవరికీ తెలియదనుకునేది. అందరికీ తెలుసు. ఆమె పనిమంతురాలు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

నోరెత్తింది కూతురొక్కతే. పురిటి మంచం మీదినుంచే అంది.

"పాపని ఎత్తుకోవద్దమ్మా. ముందు ఆ చేతులు కుదురుకోనీ."

ఆ గొంతులో కోపం లేదు. అదే ఆమెకు మింగుడుపడలేదు.

తాగుడు మానాలనుకునేవాళ్లు కొట్టమని ఆసుపత్రి గోడమీద అంటించిన కాగితం నుంచి ఒక నంబరు రాసుకున్నది ఆరోజే. నాలుగు నెలలు సంచిలో మోసి, పోయిన వారం భోజనాల వేళ కొట్టింది. అవతల ఒక పెద్దాయన, మాటకు ముందో దగ్గు, వెనకో దగ్గు. ఆమెకు నోరు పెగల్లేదు. ఆయనా తొందరపెట్టలేదు.

"గురువారం నాలుగున్నరకి రండమ్మా. బస్టాండు వెనక మేడ, మూడో అంతస్తు. తోవ తెలీకపోతే ఈ నంబరుకే కొట్టండి, నేను ఎదురొస్తా" అన్నాడు.

నాలుగింటికి డ్యూటీ దిగి బయల్దేరింది.

మేడలో మెట్ల దగ్గర దీపాల్లేవు. ప్రతి అంతస్తులోనూ అవే గోధుమరంగు తలుపులు, అవే తాళాలు. పీకేసిన బోర్డుల చోట గోడమీద తెల్లటి గుర్తులు మిగిలాయి. ఎక్కడా అంకె రాసి లేదు. ఎక్కింది రెండంతస్తులా, మూడా, లెక్క తప్పింది. మూలనున్న పగిలిన బకెట్టును ఇందాకే దాటి వచ్చినట్టనిపించింది. కింద సందు చివర మందు దుకాణం తెరిచే ఉంటుంది. ఆమె కాలు అప్పటికే ఒక మెట్టు కిందికి దిగింది.

రెయిలింగు పట్టుకుని నంబరు నొక్కింది.

చెవిలో గంట మోగింది. అదే క్షణాన ఎక్కడో గోడ అవతల కూడా మోగింది. చెవిలో ఒకటి, చీకట్లో ఒకటి. ఆ మోతను పట్టుకుని నడిచింది. ఎవరూ ఎత్తలేదు. మోత ఆగాక వరండా మరీ నిశ్శబ్దంగా అయిపోయింది. మళ్లీ నొక్కింది. ఈసారి మోత దగ్గరగా, ఒక తలుపు వెనకనుంచి వచ్చింది. ఆ తలుపు కింది సందులోంచి వెలుతురు. తోసింది.

ఏడుగురు మనుషులు గుండ్రంగా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఆమెను చూడలేదు. అందరూ తలుపు పక్కనున్న ఖాళీ కుర్చీనే చూస్తున్నారు. దానిమీద ఒక ఫోన్ మోగుతూ, అదురుతూ, అంచువైపు కొద్దికొద్దిగా జరుగుతోంది.

ఆమె తన ఫోన్ కట్ చేసింది. కుర్చీ మీది ఫోన్ ఆగిపోయింది. ఏడు తలలూ ఒక్కసారిగా ఇటు తిరిగాయి.

"మీరేనా అమ్మా కొట్టింది?" ఖాకీ చొక్కాలో ఉన్న బస్సు డ్రైవరు అడిగాడు.

"ఆయన... దగ్గుతారు చూడండి, ఆయన..."

"మాస్టారు సోమవారం పోయారమ్మా. నిద్రలోనే. పదకొండేళ్లుగా చుక్క ముట్టలేదు. ఫోన్ ఇందాకే వాళ్లావిడ తెచ్చిచ్చింది. మోగుతుంటే ఎత్తడానికి మాలో ఎవరికీ చెయ్యి రావట్లేదు."

పిలిచిన మనిషే లేడు. వెళ్లిపోదామనుకుంది. కింద దుకాణం గుర్తొచ్చి, తలుపు మూసింది. వేరే కుర్చీ లేక, ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుని అందులోనే కూలబడింది. ఎవరూ వద్దనలేదు.

"నేను తాగుతాను" అంది చివరికి. "నిన్నటినుంచి తాగలేదు. మనవరాలికి నాలుగు నెలలు. ఇంతవరకు ఎత్తుకోలేదు."

డ్రైవరు తలూపాడు. పక్కనున్న ముసలావిడ గ్లాసుతో నీళ్లందించింది. ఆమె తాగబోతుండగా ఒళ్లో ఫోన్ అదిరింది.

గదిలో ఒక్కరూ కదల్లేదు. పేరు లేని నంబరు. మూడుసార్లు మోగనిచ్చి ఎత్తింది. అవతల మాట లేదు. ఎవరిదో ఊపిరి మాత్రం వస్తూ పోతూ ఉంది. వారం కిందట అవతలి చివర తనెలా వినిపించి ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఆయన లేరు. పోయారు" అంది. "కానీ పెట్టేయకండి. నేనూ ఇవాళే వచ్చాను. ఇక్కడ మనుషులున్నారు."

ఊపిరి ఆగింది. తర్వాత, ఎంతో దూరం నుంచి వచ్చినట్టు, ఒక బొంగురు గొంతు.

"ఎక్కడికి రావాలి?"

చెప్పింది. బకెట్టు గుర్తుతో సహా చెప్పింది. మాట్లాడటం అయ్యాక చేతిలో ఫోన్‌ను వెనక్కి తిప్పి చూసింది. వెనకవైపు తెల్లటి ప్లాస్టరు ముక్క అంటించి ఉంది. దానిమీద బాల్‌పెన్నుతో, మాస్టారు రాసుకున్న, సగం చెరిగిపోయిన వంకర అక్షరాలు: రాత్రిళ్లు మంచం పక్కనే పెట్టుకోవాలి.