ఒక వత్తి నీరు

వర్షర్తువు ప్రవేశించియు నొక్క మేఘశకలమైనను గానరాక గగనమంతయు కాగిన కంచుపళ్ళెమువలె నుండగా, వరిమళ్ళలో నేల నెర్రెలు వాసి యా నెర్రెల యంచులందు పైరు మొదళ్ళు వాడి యొరగుచుండగా, జపానుదేశమున షికోకుదీవి యుత్తరపుటంచున నున్న ఇకెగామి యను గ్రామమువారెల్లరు ప్రాతఃకాలముననే కొండమీది దేవతాగృహమునకు బోయి వానకై ప్రార్థించుచుండిరి. అందరితోపాటు శిరము వంచి చేతులు జోడించిన కిచిబే యను గృహస్థుడు మాత్రము నోటితో వానను వేడుచు మనసులో వేరొక మాట తలపోయుచుండెను. వాన కురియుగాక యని వేడుట తాను ఋణస్థుడై యుండుటకు వేడుటయే యగునా? ఋణము తీరుగాక యని కోరుట ఊరికి కరవు రావలెనని కోరుటయే యగునా? ఈ సందేహము నేడు పుట్టినది కాదు. తండ్రి కన్ను మూసిన నాటనుండి ప్రతి వర్షర్తువునందును ఈ మెట్లమీదనే యది యాతనిని కలిసికొనుచు వచ్చెను. దేవు డాతనికి వానల నిచ్చుచునే యుండెను గాని యుత్తర మీయలేదు.

ఆ సీమలో గొప్ప నదులు లేవు. కొండలపై గురిసిన నీరు సముద్రమును జేరుటకు పూటయైనను పట్టదు. కావున పూర్వులు లోయల కడ్డముగా కట్టలు పోసి చెరువులు నిర్మించి, కరవునాట నా నీటిని పంచుటకు ధూపవర్తిని గొలతగా నేర్పరచిరి. దేవుని యెదుట వెలిగించు ఊదువత్తియే యది. దానిని చెరువుకట్టపై నొక కొయ్యపెట్టెలో నిలిపి కొన వెలిగించి యది కాలి బూడిద యగువరకు నొకని మళ్ళకు నీరు విడుతురు. వత్తి యారగానే నీటికావలివాడు చెక్కలు మ్రోగించును. తూము మూయుదురు. తరువాతివాని వంతు వచ్చును. వానలు సమృద్ధిగా నున్న యేట వత్తియే వెలుగదు. ఎవరికి గావలసినంత వారు పెట్టుకొందురు. వంతులు నడచు దినములలో నే యింటను దేవునికి ధూపము వేయుట నిషిద్ధము. పూర్వమొకమా రెవతెయో పరధ్యానమున నింట ధూపము వేయగా నా పరిమళము గాలిలో వచ్చి సోకిన రైతు తన వంతు వచ్చెనని భ్రమించి గట్టు తెగవేసి పొరుగువాని నీటి నంతను దన మడిలోనికి మరల్చుకొనెనట.

కిచిబే చిన్నవాడుగా నున్నప్పు డట్టి కరవొకటి వచ్చినది. అతని తండ్రి మోహే వంతునాడు పీతలు తొలిచిన బొరియగుండ నీరంతయు వాగులోనికి బోయినది. మోహే గట్టుమీద గూర్చుండి తలపట్టుకొనియుండగా ప్రక్కమళ్ళ యజమానురాలగు తోసే యను వితంతువు వచ్చి "ఏడ్చిన నీ కన్నీళ్ళు మడికి చాలవు గాని నా వత్తి నీవు పెట్టుకొమ్ము, నాకు మెట్టచేను కలదు" అని తన వంతు నాతని కిచ్చెను. అరువు దెచ్చిన నీటిని మరల వత్తి వెలిగిన యేటనే తీర్పవలెననునది యా యూరి కట్టుబాటు. ఏలయన నందరికి నున్ననాడిచ్చిన నీటికి విలువ లేదు. పిమ్మట వరుసగా మంచి యేండ్లే వచ్చినవి. మోహే యా బాకీతోడనే పోయెను. నీటికావలి పనియు బాకీయు నొక్కనాడే కిచిబేకు సంక్రమించెను.

ఒక యేట చెరువు పొంగి పొరలుచున్నప్పుడు కిచిబే యుండబట్టలేక తోసే యింటికి బోయెను.

"అవ్వా, మా నాయన వత్తి యీ యేడు నీ మడికి పెట్టెదను."

ముసలిది చూరు క్రింద గూర్చుండి గొడుగు బాగు చేసికొనుచు నవ్వెను. "మునిగియున్న కప్పకు స్నానము చేయింప వచ్చితివా నాయనా?"

"బాకీ తలపై నుండగా నిద్ర పట్టుట లేదవ్వా."

"పట్టకున్న మేలే. చెరువుకు కావలివాడవు గదా."

అట్లు నవ్వుచునే యామెయు గాలము చేసెను. కోడలు హిసా కాలక్రమమున తానును విధవ యయ్యెను. మళ్ళామెవి, రావలసిన నీరును ఆమెదే. కాని యిచ్చినవా రడుగుట యా యూరి మర్యాద గాదు గనుక హిసా దాని నెన్నడు నెత్తలేదు.

ఇప్పు డెన్నియో యేండ్లకు మరల వత్తిపెట్టె కట్టపైకి వచ్చినది. వంతులు సగము నడచునప్పటికి కోటలోని ప్రభువు పంపగా నీటిపాలన కధికారియగు కురత గుర్రముపై వచ్చెను. ఆ చెరువు లోపలి వాలునందు తూముమూత లొకదాని క్రింద నొకటిగా నుండును. అన్నింటి యడుగున నున్న మూతను ఎట్టి కరవునందును దీయరాదు. ఆ నీరు రాబోవు వసంతమున నారుమళ్ళకై యుంచబడినది. కురత కట్టపై నిలిచి యా నీటిని జూచి కావలివానిని బిలిచెను.

"నీరుండగా పైరెండుట పరిపాలన యనిపించుకొనదు. అడుగుమూత తీయుము."

"అయ్యా, ఆ నీరు మాది కాదు" అని కిచిబే వంగి నిలిచెను.

"మరి యెవరిది?"

"వచ్చే యేటి నారుది. చలికాలపు వానలు తప్పినచో నారు పోయుటకు చుక్క యుండదు. ఈ యేడు తిని వచ్చే యేడు పస్తుండుట యగును."

కురత కోపించువాడు గాడు. మూడు తాలూకాల చెరువులు చూచి వచ్చినవాడు. ఒక యూర నడుగువరకు దోడిన చెరువును, మరుసటి యేట నారు లేని యా యూరి మళ్ళను జూచియు నుండెను. అతడు కట్టపై గూర్చుండి చెప్పులలోని దుమ్ము దులుపుకొనుచు నడిగెను. "కాదనను. ఆ మూత తీయకున్న నున్న నీ రెందరికి చాలును?"

"చివరి వంతు తప్ప నందరికి."

"చివరి వంతెవరిది?"

క్రింది కాలువలో పూడిక దీయుచున్న హిసా తల యెత్తి తానే చెప్పెను. "నాదే దొరా. ఈ యూరి కట్టుబాట్లన్నియు పైనుండి హుషారుగా బయలుదేరి నా గట్టుకడకు వచ్చుసరికి కాళ్ళు నొచ్చి కూలబడును."

చుట్టునున్నవారు నవ్విరి గాని యా నవ్వు నిలువలేదు. కురత కిచిబే వైపు దిరిగెను.

"అయినచో వచ్చే యేటివారి నీటిని కాపాడుచున్నది నీవు గాదు, ఈమె. నియమము మంచిదే. దాని బరువెవరి వీపున బడుచున్నదో చూచితివా? ఊరి పన్ను ఊరంతయు గలిసి కట్టునది గనుక నెవరి మడి యెండినను నాకొక్కటే. నీకొక్కటి గాదని తలంచెదను. మూత తీయవలదు. పంపకము మీరే చూచుకొనుడు."

అధికారి పోయెను. కిచిబే మిగిలిన వంతులను లెక్కించుకొనెను. చివరి వంతునకు ముందువంతు తనదే. ఆ వంతు హిసాకిచ్చినచో తన పెద్దమడి యెండును. ఈయకున్న హిసా మళ్ళెండును. తన పిల్లల కడుపులు, ఆమె పిల్లల కడుపులు, నడుమ నొక్క వత్తి. ఇన్నియేండ్లు తీరుగాక యని కోరిన ఋణము తీరుటకు వచ్చిన నాడు చేయి వెనుకాడుచుండెనని యాతనికి దెలిసినది.

ఇంట భార్య కినూ గంజి వడ్డించుచు మగని మొగము జూచెను.

"తోసేయవ్వ వత్తి యేనా?"

"అవును."

"మీ నాయన పెట్టుకొన్న నీటికి మన పిల్లల గంజి పలుచన కావలెనా?"

"పలుచన యగును" అని కిచిబే యొప్పుకొనెను.

ఆమె గరిటెతో కుండ యడుగు దేవెను. "మడి దున్ని కొర్రలు చల్లుదము. కొర్రన్నము నాకు పడదని పెండ్లినాటనుండి చెప్పుచునే యున్నాను, విన్నవారెవరు?"

"ఈలోపల వాన వచ్చునేమో."

"వచ్చినచో మీ బాకీ మరల మీ కొడుకు నెత్తికెక్కును. ముందు తీర్చుడు. ఆ తరువాత మీ దేవు నడుగుడు."

కిచిబే వంతునాటి యపరాహ్ణమున సముద్రమువైపు నల్లని మేఘ మొకటి లేచి క్రమముగా కొండలమీదికి బ్రాకసాగెను. రైతులందరు కట్టపై జేరి మొగము లెత్తి చూచుచుండిరి. వారిలో గొన్‌రోకు అను స్థూలకాయు డుండెను. తన వంతునాడు వత్తి మెల్లగా గాలవలెనని గాలివైపు పెట్టె కడ్డముగా నిలిచి "తప్పుకో గొన్‌రోకూ, నీ మడిని నీ బొజ్జయే పండించుచున్నది" అని యందరిచేత ననిపించుకొన్నవాడు. అత డిప్పుడు కిచిబే చెవిలో జెప్పెను.

"వత్తి వెలిగింపకుమన్నా. జాము సేపు తాళుము. వాన పడినచో నీ మడియు హిసా మడియు రెండును దక్కును."

కిచిబే మేఘమును జూచెను. అది పెద్దదియే. దాని క్రింద గాలియు జల్లబడెను. వేచియున్న నెవరును దప్పు పట్టరు. వాన వచ్చినచో పిల్లలకు వరియన్నము మిగులును, బాకీ మాత్రము వచ్చే కరవువరకు జీవించును. రాకున్న నపుడైనను వత్తి వెలిగింపవచ్చును. అయినను వాన వచ్చు నేమో యని నిలిపి యిచ్చిన నీరు తనకు మిగిలిన నీరగును గాని తోసే యిచ్చినట్టి నీరు గాదు. ఆమె యిచ్చిననా డాకాశమును జూచి యీయలేదు.

అతడు పెట్టె తెరచి వత్తిని నిలిపి చెకుముకి కొట్టి కొన వెలిగించెను. పిమ్మట కట్టమీదివా రందరు వినునట్లు "ఈ వంతు హిసాది. మోహే తోసేకు బాకీయున్న నీరు" అని పలికెను. తూము తెరచిరి. నీరు కాలువ వెంట దిగి కిచిబే పెద్దమడి గట్టు నొరసికొనుచు నాగక ముందునకు బోయెను. నోరు తెరచిన యా మడి నెర్రెల ప్రక్కగా పోవుచున్న నీటి చప్పుడు వినలేక కినూ మరియొకవైపు దిరిగి కొర్రవిత్తనముల మూట ముడి విప్పి మరల వేసికొనుచుండెను.

గాలి లేచినది. వత్తికొన యెర్రబడి వడిగా గాలసాగెను. అప్పుడు గొన్‌రోకు ఎవ్వరు నడుగకయే వచ్చి గాలి కడ్డముగా పెట్టె ప్రక్కన నిలిచెను. ఈ మా రతనిని దప్పుకొమ్మన్నవాడు లేడు. మరి యిద్దరు వచ్చి యాతని కిరుప్రక్కల నిలిచిరి. మేఘము కొండ దాటి యవతలి లోయకు బోయెను. ఒక్క చినుకైనను రాలలేదు.

వత్తి చివరికంట కాలిపోయి బూడిద తనంతట దాను విరిగి పడగానే కిచిబే చెక్కలు మ్రోగించెను. క్రింద చివరిమడి గట్టునుండి హిసా కంఠము వినవచ్చెను.

"ముట్టినదన్నా."

అంతియే. వంతులు ముగిసెను గనుక పెట్టెను దుడిచి మూసి యింటికి దెచ్చి కిచిబే సంధ్యవేళ దేవుని యర ముందు గూర్చుండెను. కట్టుబాటు దీరినందున నిండ్లలో ధూపము వేయవచ్చును. అత డొక వత్తి వెలిగించి చేతులు జోడించి వానకై ప్రార్థించెను. ఈ మారు మనసును నోటితోనే యుండెను. ఆ పరిమళము కిటికీ దాటి యెండిన మడిమీదుగా తడిసిన మడివరకు బోయెను. అది సోకి భ్రమపడి గట్టు తెగవేసినవా డెవ్వడును లేడు.