వీపు కింద చెయ్యి

పెద్ద సిస్టర్ నా గురించి ఏదో రాస్తోందని మూడో వారంలోనే కనిపెట్టాను. ఆకుపచ్చ అట్ట ఉన్న చిన్న పుస్తకం. ఎమర్జెన్సీ గదిలో నేను ఒక రోగి దగ్గర నుంచి లేవగానే అది ఆవిడ జేబులోంచి బయటికి వచ్చేది. రెండు మూడు మాటలు రాసి మళ్లీ జేబులో పెట్టుకునేది. నాతోపాటు శిక్షణలో ఇంకో నలుగురున్నారు. వాళ్ల కోసం ఆ పుస్తకం తెరవడం నేను చూడలేదు. చూడదలచుకోలేదేమో కూడా.

"ఏం నాయనా, సిస్టరమ్మ నీ జాతకం రాస్తోందా?" అన్నాడు దూది కత్తిరించే తాత.

"రాయనీ తాతా, మంచి రోజులున్నాయేమో."

"జాతకాలు మంచి రోజులున్నవాళ్లకి రాయించరయ్యా," అని నవ్వాడు.

పదకొండేళ్లు సైన్యంలో మెడిక్‌గా చేశాను. కాల్పుల్లో పడిపోయినవాడి దగ్గరికి పాక్కుంటూ వెళ్లి, డాక్టరు చేతికి అందేదాకా ఊపిరి నిలబెట్టడం నా పని. ఛాతీలో సూది దించి చిక్కుకున్న గాలి తీసినవాణ్ని. ఇక్కడ అడగకుండా జ్వరం మాత్ర కూడా ఇవ్వకూడదు, ఎందుకంటే సైన్యం ఇచ్చిన సర్టిఫికెట్టు బయట చెల్లదు. ఈ గదిలో తొంభై రోజులు పనిచేశాక పెద్ద సిస్టర్ సంతకం పెడితే అంబులెన్స్ లైసెన్సు పరీక్షకు కూర్చోనిస్తారు. పెట్టకపోతే మా బావమరిది సిద్ధంగా ఉన్నాడు.

"సెక్యూరిటీకైతే నిన్ను కళ్లకద్దుకుని తీసుకుంటారు బావా. కుర్చీ వేస్తారు, ఫ్యాను పెడతారు. వచ్చే కార్లకి సెల్యూట్ కొట్టడమే. నీకు అలవాటేగా."

"నేను వెళ్లింది సెల్యూట్లు కొట్టడానికి కాదురా."

"మరి తుపాకీ పట్టి నలుగుర్ని కొట్టావా? లేదు. పోనీ డాక్టరువా? కాదు. రెంటికీ చెడ్డ రేవడివి బావా నువ్వు."

మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఎవరి పక్షమో తేల్చుకోలేక ఆ పూట సరిగా అన్నం తినలేదు.

సైన్యంలో మాకు పని నేర్పినాయన్ని కట్టు మాస్టారు అనేవాళ్లం. గాయపడ్డవాడి నోరు నమ్మకు, నీ కళ్లూ నమ్మకు, అరచెయ్యిని నమ్ము అనేవాడు. పడుకున్నవాడి మెడ కింద చెయ్యి దూర్చి, వీపంతా తడుముతూ నడుం దాకా తెచ్చి, బయటికి తీసి అరచెయ్యి చూసుకోవాలి. ముందు గాయం అందరికీ కనిపిస్తుంది, మనిషిని చంపేది వెనక గాయం. మా కళ్లకు గంతలు కట్టి, వరసలో పడుకోబెట్టిన వాళ్లలో ఒకడి చొక్కా వెనక నీళ్లు పోసేవాడు. ఆ తడి పట్టుకోలేనివాడు మధ్యాహ్నం దాకా స్ట్రెచర్ మోయాల్సిందే. అలా ఎముకలోకి ఇంకిన అలవాటది. ఇంట్లో మా ఆవిడ వీపు నిమిరినా అరచెయ్యి చూసుకుంటాను. "ఏం, నా రంగు దిగిందా?" అని వెక్కిరిస్తుంది.

రెండో వారంలో ఒక రోగి పర్సు పోయింది. "ఎవరికైనా దొరికిందా?" అని పెద్ద సిస్టర్ గదంతా కలియజూసింది. ఆ చూపు నా చేతుల మీద ఆగింది. ఆగిందనిపించింది. వెంటనే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు! అప్పుడే మొదటిసారి ఆవిడ కళ్లతో నన్ను నేను చూసుకున్నాను. కొత్తగా వచ్చిన ఒకడు స్పృహలేని మనుషుల కింద చెయ్యి దూరుస్తాడు, నడుం దాకా తడుముతాడు, తీసి అరచేతిలో ఏముందో చూసుకుంటాడు.

రానురాను ఆవిడ అటు తిరిగినప్పుడే తడమడం మొదలుపెట్టాను. దొంగచాటుగా చేస్తే ఏ పనైనా దొంగతనంలాగే ఉంటుందని తెలిసింది. ఎనభై నాలుగో రోజున పూర్తిగా మానేశాను. ఇంకో ఆరు రోజులే కదా, చేతులు కట్టుకుంటే సంతకం వస్తుంది.

ఎనభై ఏడో రోజు మధ్యాహ్నం ఒక పెయింటరు వచ్చాడు. నిచ్చెన మీద నుంచి పడ్డాడట. ముంజేతి మీద జానెడు గాటు. మనిషి మాత్రం హుషారుగా ఉన్నాడు. ఒళ్లంతా ఎర్ర రంగు.

"భయపడకండి సార్, ఇది రంగే. రక్తం అయితే ఇంత చవగ్గా ఉంటుందా?" అని తనే నవ్వాడు.

మంచం మీద పడుకోబెట్టాను. నా కుడిచెయ్యి దానంతటది అతని మెడ వైపు కదిలింది. వెనక పెన్ను మూత తీసిన చప్పుడు విన్నాను. చెయ్యి వెనక్కి తీసుకుని ముంజేతికి కట్టు కట్టాను. చాలా చక్కగా కట్టాను.

ఇరవై నిమిషాల తర్వాత అతను జోకులు ఆపేశాడు. పెదాలు తెల్లబడ్డాయి. నేను అందుకునేలోపే పెద్ద సిస్టర్ అతని మెడ కింద చెయ్యి దూర్చి నడుం దాకా తెచ్చి అరచెయ్యి చూసింది. నేను చేసే పద్ధతే, వేలు తేడా లేదు. అరచెయ్యి ఎర్రగా ఉంది. అది రంగు కాదు. పాత రంగు గీకే రేకు వెనక జేబులో ఉందట, కింద పడ్డప్పుడు అది నడుంలోకి దిగింది.

ఆపరేషన్ గదిలోంచి అతను బతికాడన్న కబురు సాయంత్రానికి వచ్చింది. పెద్ద సిస్టర్ నన్ను మందుల గదిలోకి పిలిచి, పుస్తకం నా ముందు పెట్టింది.

"చదవండి."

మొదటి పేజీలో, "పర్సు పోయింది. కొత్తాయన చేతులు గమనించాలి." నేను అనుకున్నది నిజమేనన్న సంతోషం ఒక్క క్షణం కలిగింది. సిగ్గులేని సంతోషం. తర్వాతి పేజీల్లో మంచం నంబర్లు, వాటి పక్కన ఒకే మాట. వీపు చూశాడు. చూశాడు. చూశాడు. మధ్యలో ఒకచోట, "మిగతా నలుగురూ చూడరు. నేర్పించాలి." చివర్లో, చాటుగా చూశాడు. చూడలేదు. ఇవాళ, చూడలేదు.

"పర్సు దొరికిందా?"

"మర్నాడే. వాళ్లింట్లోనే ఉందట."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా." పెన్ను నా వైపు జరిపింది. "ఇవాళ ఎందుకు చూడలేదో మీరే రాయండి."

పెన్ను అందుకున్నాను. "నన్ను చూస్తున్నారని," అని రాశాను. ఆవిడ అది చదివింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"దీనికోసం అతను పోయేవాడు." పుస్తకం మూసింది. "ఈసారి సంతకం పెట్టను. పరీక్ష మళ్లీ ఆరు నెలలకి. ఉంటానంటే రేపు రండి. ఆ నలుగురికీ ఇది నేర్పాలి."

నేర్పమనడం గౌరవమో, నా చుట్టూ నాలుగు జతల కళ్లను కాపలా పెట్టడమో ఇంటికి వెళ్లాక కూడా తేలలేదు. కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని బావమరిది చెప్పాడు. ఉండనిమ్మన్నాను.

మర్నాడు మొదట వచ్చింది మెట్ల మీద జారిపడ్డ ముసలావిడ. నలుగురూ చుట్టూ నిలబడ్డారు. ఆవిడ మెడ కింద చెయ్యి దూర్చాను.

"ఏం వెతుకుతున్నావు బాబూ?" అంది అనుమానంగా, మెళ్లో గొలుసు గట్టిగా పట్టుకుని.

"మీకు తెలియని దెబ్బేమైనా ఉందేమోనని, అవ్వా."

నడుం దాకా తెచ్చి, తీసి చూసుకున్నాను. అరచెయ్యి పొడిగా ఉంది. వెనక పెన్ను కదిలిన చప్పుడైంది. ఏం రాసిందో చూడాలని మెడ నరాలు లాగాయి. వెనక్కి తిరగకుండా రెండో చెయ్యి అవ్వ వీపు కిందికి పోనిచ్చాను.