యూదుల బడి మాంసం గుండిగ

నేను ఒక ఇత్తడి గుండిగను. నలుగురు పట్టుకుంటేగాని పొయ్యి మీంచి లేవను. కంచరులు సుత్తులతో కొట్టి కొట్టి నన్నీ ఆకారానికి తెచ్చారు. అడుగున ఒక అతుకు వేశారు. ఆ అతుకు సంగతి గుర్తుపెట్టుకోండి.

మొదట నేను పెళ్ళిసామాన్లు అద్దెకిచ్చే కొట్లో ఉండేదాన్ని. అద్దె గుండిగకి కులమేముంటుంది? ఒకరోజు పల్లెలో, అంటే ఊరికి అవతల మాదిగలుండే వైపు, పెద్దకర్మకి పప్పు ఉడికేది నాలో. ఆ వెంటనే ఊళ్ళో పెద్దవీధిలో పెళ్ళికి సాంబారు కాగేది. మధ్యలో కొట్టువాడు చింతపండుతో తోమించేవాడు, అంతే. బియ్యం మిల్లు పూర్ణచంద్రరావు పెళ్ళి సాంబారు నాలోదే. ఆ ముందు వంట పల్లెలోది. పెళ్ళికొడుకు రెండోసారి అడిగి పోయించుకున్నాడు. ఆయనకేమీ కాలేదు. మిల్లు కూడా పెరిగింది.

స్టీలు సామాన్లొచ్చాక కొట్టువాడు నన్ను వదిలించుకున్నాడు. తంగెళ్ళపాలెం పల్లెలో యూదుల బడికి వచ్చిపడ్డాను.

మాదిగపల్లెలో యూదులేంటని నవ్వేవాళ్ళున్నారు. నవ్వండి. వాళ్ళు తమ పూర్వీకులు ఇశ్రాయేలీయులని నమ్ముతారు. శుక్రవారం సాయంత్రం దీపాలు పెడతారు, శనివారం పని ముట్టుకోరు. తమ తాతలెవరో చెప్పుకోడానికి వాళ్ళు ఎవరి అనుమతి తీసుకోవాలి?

బడి పెట్టింది ఎలియాజరు మాస్టారు, ఆ పల్లె మనిషే. పొద్దున హీబ్రూ, ప్రార్థనలు. తర్వాత లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు, అన్నీ సర్కారు పుస్తకాలే. రోజూ మొదట పిల్లల చేత ఒకటే మాట చెప్పించేవాడు, ఇశ్రాయేలీయులు ఈజిప్టులో వెట్టి చేసిన కథలోది: ఐగుప్తులో మనం బానిసలం, ఆ సంగతి మరవకూడదు. పొయ్యి దగ్గర్నుంచి రిబ్కమ్మ కూడా వాళ్ళతోపాటు అనేది.

రిబ్కమ్మ బడి వంటమనిషి. మొగుడు పోయాక ఆ పొయ్యే ఆమె బతుకు. మనవరాలు ఎస్తేరు ఆ బడిలోనే చదువుతోంది.

నన్ను తెచ్చిన మర్నాడు శుద్ధి చేశారు. వాళ్ళ శాస్త్రంలో మాంసం గిన్నె వేరు, పాల గిన్నె వేరు. పాత ఎంగిలి పోవాలంటే గుండిగ నిండా నీళ్ళు మరగబెట్టి, నిప్పుల్లో కాలిన రాయి అందులో వేయాలి. నీళ్ళు పొంగి అంచు మీంచి పారితే గిన్నె కొత్తదైనట్టు. పొంగాను. కొత్తదాన్నయ్యాను. నా చెవులకి ఎర్రరంగు పూసి మాంసం గుండిగని చేశారు. ఆనాటి నుంచి మజ్జిగ గరిట నా దరిదాపులకి రాకుండా రిబ్కమ్మ కాపలా కాసేది.

"దీనికున్న మడి నాకుంటే నన్నూ గుళ్ళోకి రానిచ్చేవాళ్ళే," అని నా వీపు మీద చరిచి నవ్వేది.

బడిలో ఇంగ్లీషు బాగా చెబుతారని పేరొచ్చింది. ఊళ్ళోవాళ్ళు కూడా పిల్లల్ని పంపారు, క్యారేజీలు కట్టి. గోంగూర మాంసం వాసన ముందు క్యారేజీ ఎంతసేపు ఆగుతుంది? పూర్ణచంద్రరావు కూతురే మొదట కంచం పట్టుకొచ్చింది. రిబ్కమ్మ ముక్కలున్న చోట ముంచి వేసింది. ఆ పిల్ల ఇంటికెళ్ళి, మనింట్లో ఇలా ఎందుకు వండరని అడిగింది.

వారం తిరక్కుండా తండ్రులంతా వచ్చి వరండాలో కూర్చున్నారు. ఒక్కరూ కులం మాటెత్తలేదు. చదువుకున్నవాళ్ళు కదా.

"నాకు పట్టింపుల్లేవు మాస్టారూ," అన్నాడు పూర్ణచంద్రరావు. "ఇంట్లో పెద్దావిడ ఒప్పుకోట్లేదు. అయినా శుభ్రత అనేది ఒకటుంటుంది గదండీ. వంటమనిషిని మేం పంపిస్తాం. గిన్నెలు కూడా చూసుకోండి."

గోడకి ఆనించిన నేను వింటూనే ఉన్నాను. నోరుంటే ఆ సాంబారు సంగతి చెప్పేదాన్ని.

మాస్టారు హాజరుపట్టీ తెరిచి పేర్లు లెక్కపెట్టాడు. ఊరి పిల్లలు పోతే సంఖ్య చాలదు, బడికి గుర్తింపు ఉండదు, పల్లె పిల్లలు పదో తరగతి పరీక్షకి కూర్చోలేరు. ఆ లెక్కంతా నిజమే. ఇలాంటి లెక్కలు ఎప్పుడూ నిజంగానే ఉంటాయి, అందుకే పీకకి ఉరిలా సరిపోతాయి.

"గుండిగ మార్చక్కర్లేదండీ," అన్నాడు చివరికి. "శుద్ధి చేస్తాం. మా శాస్త్రంలో ఉంది."

రిబ్కమ్మని పిలిచి పొయ్యి రాజెయ్యమన్నాడు. ఎవరి ఎంగిలి కడగడానికో ఆమెకి అర్థమైంది. అయినా కట్టెలు పెట్టింది, రాయి తెచ్చి నిప్పుల్లోకి తోసింది.

"నీ మనవరాలి కోసమే రిబ్కమ్మా," అన్నాడు మాస్టారు.

ఆమె ఊదుగొట్టం కింద పెట్టి లేచింది.

"గుండిగకైతే రాయి వేస్తావు మాస్టారూ. మరి నన్నెందులో ఉడకబెడతావు?"

మాస్టారు పటకారు తానే తీసుకుని, ఎర్రగా కాలిన రాయిని ఎత్తాడు. రాయి పటకారులోంచి జారి నా అడుగున అతుకు మీద పడింది. నీళ్ళు పొంగలేదు. అతుకు ఊడిన చీలిక గుండా కిందికి పోయి పొయ్యినార్పాయి. వరండాలో తండ్రులు లేచి నిలబడ్డారు, పంచెల మీద బూడిద పడకుండా.

ఇప్పుడు బడిలో స్టీలు గుండిగ ఉంది, పట్నం వంటమనిషి ఉంది, గోడకి అద్దం కట్టిన గుర్తింపు కాగితం ఉంది. ఎస్తేరు అక్కడే తింటుంది. ఇంటికొచ్చి కూర ఎలా ఉందో చెప్పదు, ముసలమ్మ అడగదు.

నన్ను పాత ఇత్తడికి వెయ్యబోతే రిబ్కమ్మ దొర్లించుకుపోయింది. బడి ప్రహరీ ఇవతల, ఆమె వాకిట్లో బోర్లా పడి ఉన్నాను. పొద్దున్నే నా మీద కూర్చుని పొలం పనికి కొడవలి నూరుకుంటుంది.

గోడ అవతల మాస్టారు పాఠం మొదలుపెడతాడు. ఐగుప్తులో మనం బానిసలం, ఆ సంగతి మరవకూడదు. పిల్లలు అంటారు, ఎస్తేరు గొంతు కూడా వినిపిస్తుంది. రిబ్కమ్మ ఇప్పుడు అనదు. కొడవలి తిప్పి రెండో వైపు నూరుకుంటుంది.

మాస్టారు మాత్రం ఒక్కరోజు కూడా ఆ పాఠం మానలేదు. ఒక్క అక్షరం తప్పు పోదు.