గోలీ రోజు

నా పేరు అజీజ్‌బీ. బయ్యారం చుట్టుపక్కల తండాల్లో క్షయ రోగులచేత మందు మింగించడం నా పని. జీతం ఇచ్చేది ఒక స్వచ్ఛంద సంస్థ, మందు ఇచ్చేది సర్కారు. సోమ, బుధ, శుక్రవారాల్లో రోగి నా కళ్ళ ముందే గోలీలు మింగాలి. ఒక్కొక్కరికీ పేరు రాసిన డబ్బా వస్తుంది, అది ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇంతే పని. దీనికి ఇద్దరు పెద్దమనుషులూ, అన్నేసి మీటింగులూ ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

సకల జనుల సమ్మె రోజులవి. తండాలో సుక్కికి క్షయ అని తేలి పదమూడు రోజులైంది. దగ్గితే నెత్తురు పడుతోంది. ఆరేళ్ళ కూతుర్ని దగ్గరికి రానివ్వక పక్కింట్లో పడుకోబెడుతోంది. నేను కనబడితే చాలు, "అక్కా, నా డబ్బా ఎప్పుడొస్తది?" అనేది. ఆ డబ్బా మహబూబాబాద్‌లో, సర్కారు క్షయ ఆఫీసు స్టోరులో, తాళం వెనక ఉంది.

అక్కడి ఆఫీసరు సమ్మెలో లేడు, పనిలోనూ లేడు. ఫోన్ చేస్తే, "మీ సంస్థ జీపు పంపమనండి" అన్నాడు. మా డైరెక్టర్ జగపతిని అడిగాను.

"సర్కారుతోని ఒప్పందం గడువు అయిపోయింది అజీజ్‌బీ. కొత్త కాయిదం మీద సంతకం పడకుంట జీపు ఎట్ల పోతది?" అన్నాడు.

ఆయన భార్యను కురవి గుడికి తీసుకుపోయేటప్పుడు ఆ జీపు ఏ కాయితమూ అడగలేదు.

చివరికి ఇద్దరూ కలిసి మహబూబాబాద్‌లో మీటింగు పెట్టారు. సర్కారుకూ సంస్థకూ మధ్య సమన్వయం పెంచాలట. గోడకు పెద్ద కాయితం అంటించి రెండు సున్నాలు చుట్టారు. మధ్యలో గీసే బాణం అటు నుంచి ఇటు రావాలా, ఇటు నుంచి అటు పోవాలా అని గంటసేపు వాదించుకున్నారు. చదువుకున్న సన్నాసులు.

నేను లేచి, "సార్, సుక్కి డబ్బా" అన్నాను.

"అది చివర్లో చూద్దాం, కూర్చోమ్మా" అన్నాడు ఆఫీసరు.

చివర్లో బిర్యానీ వచ్చింది. ఒళ్ళు మండిపోయి బయటికొచ్చేశాను.

ఆఫీసుకు ఎదురుగానే సమ్మె టెంటు. స్టోరు చూసే ఐలేశ్ అందులో కూర్చున్నాడు. తాళంచెవి అతని మొలతాడుకే ఉంది. సంగతి చెప్పాను.

"గిన్ని దినాలు నాకు ఒక్కలన్న చెప్పలేదేందక్కా?" అన్నాడు. "మా కొట్లాట సర్కారుతోని. గామెతోని కాదు. రిజిస్టర్ల సంతకం పెట్టు. రేపు ఎవడన్న అడిగితే నా పేరు చెప్పు."

లేచి వచ్చి స్టోరు తెరిచాడు. ఐదు నిమిషాలు పట్టలేదు. మీటింగులో వాళ్ళింకా బిర్యానీ బొక్కలు కొరుకుతూనే ఉన్నారు. బస్సులు బందు కాబట్టి, డబ్బా కొంగులో కట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. మర్నాడు బుధవారం. సుక్కి మొదటి గోలీలు మింగింది.

నెలన్నరకు ఆమె దగ్గు తగ్గింది. కూతురు మళ్ళీ తల్లి పక్కన పడుకుంటోంది. సరిగ్గా అప్పుడు దిగారు ఇద్దరూ, అదే జీపులో, 'సమన్వయ విజయం' అని బ్యానరు పట్టుకుని. ఫొటో కావాలట. ఆఫీసరు గోలీలు చేతిలో పెడితే సుక్కి మింగాలి, జగపతి నీళ్ళ గ్లాసు పట్టుకోవాలి.

"డబ్బా తే అజీజ్‌బీ" అన్నాడు జగపతి.

"ఇయ్యాల మంగళారం సార్" అన్నాను.

"అయితే ఏంటి?" అన్నాడు ఆఫీసరు. ఆయన జగపతి ముఖం చూశాడు. జగపతి ఆయన ముఖం చూశాడు. ఒకరికి తెలియనిది రెండోవాడికి తెలుస్తుందని ఇద్దరికీ ఆశ.

సుక్కి కూతుర్ని దగ్గరికి లాక్కుని, "జర చెప్పు బిడ్డా, సార్లకు ఎరుక లేదట" అంది.

ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ, "సోమారం, బుధారం, శుక్కురారం" అని చెప్పింది. తల్లీ కూతుళ్ళు లోపలికి పోయి తలుపు వేసుకున్నారు.