మామునూరు నుంచి అరగంట

మామునూరు నుంచి హైదరాబాదుకు చిన్న విమానం నడిచిన రోజుల మాట. రైలుకు మూడు గంటలు, బస్సుకు నాలుగు, విమానానికి అరగంట అని వరంగల్ బజారులో అందరికీ నోటికి వచ్చు. ఎక్కినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఆ లోటు తీర్చే భారం బట్టల దుకాణం సారంగపాణి నెత్తికెత్తుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఎక్కకముందే బజారు అతనికి ఇమానం సేటు అని పేరు పెట్టింది.

కారణం లేకపోలేదు. హైదరాబాదు దవాఖానలో అక్క రాజేశ్వరికి సోమవారం రెండు గంటలకు కడుపు ఆపరేషన్. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి ఆమె. తమ్ముడొచ్చి చెయ్యి పట్టుకుంటే గాని లోపలికి పోనని కబురు పంపింది. ఆమె అంటే అతనికి ప్రాణం. పొద్దుటి రైలెక్కి పొమ్మని భార్య సరస్వతి పోరింది. ఎనిమిదికి ఎగిరితే తొమ్మిదికల్లా అక్క దగ్గరుంటానని, అరగంట దారికి మూడు గంటలు ఊగుతూ పోయేవాడు వెర్రివాడని అతను కొట్టిపారేశాడు.

చిక్కల్లా, సోమవారం ఎనిమిదింటికి రాహుకాలం. దానికీ ఉపాయం ఉంది. ఆదివారం మంచి ఘడియలో సంచి సర్ది, వెనక వీధి లక్ష్మీనారాయణ ఇంట్లో ప్రస్థానం పెట్టాడు. సంచి గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. ఇక రాహువు చేసేదేమీ లేదు. దారిలో వెనక్కి మాత్రం తిరగకూడదు.

సోమవారం మామునూరుకు సాగనంపడానికి సగం బజారు వచ్చింది. విమానమే రాలేదు. హైదరాబాదులో మంచు కమ్మిందట, విడగానే వస్తుందట. తొమ్మిదయ్యేసరికి సరస్వతి మొగుణ్ణి పక్కకు పిలిచింది.

"ఇప్పుడు పోతే రైలు దొరుకుతది. ఒంటిగంటకల్లా వదినె కాడుంటరు."

"బయలెల్లినంక ఎనకకు తిరిగితే అక్కకే కీడు," అన్నాడు సారంగపాణి.

స్టేషన్‌కు పోవాలంటే ఊళ్ళోకి తిరిగి రావాల్సిందే, ఆ మాట నిజమే. ఇంతమంది ముందు విమానం వదిలి రైలెక్కడం నామోషీ అన్నదీ నిజమే, అది మాత్రం పైకి అనలేదు. సరస్వతి తానే ఆటో ఎక్కి స్టేషన్‌కు పోయింది.

విమానం ఒంటిగంట దాటాక వచ్చింది. గాలిలో నిజంగానే అరగంట. కింద చెరువులు గచ్చు మీద ఒలికిన నీళ్ళలా మెరుస్తుంటే అతనికి భలే సంతోషమేసింది. అక్క గుర్తొచ్చి ఆ సంతోషానికి సిగ్గుపడ్డాడు.

దవాఖాన చేరేసరికి మూడయింది. ఆపరేషన్ గది తలుపులు మూసి ఉన్నాయి. బయట బల్ల మీద సరస్వతి ఒక్కతే కూర్చుని ఉంది. తమ్ముడు విమానంలో వస్తున్నాడు, అరగంటే కదా అని రాజేశ్వరి డాక్టరును బతిమాలి ఆపిందట. ఆ అరగంటా అయిపోయాక ఇంకో అరగంట అడిగిందట. ఈసారి డాక్టరు ఒప్పుకోలేదు. చివరికి మరదలి చెయ్యి పట్టుకునే లోపలికి పోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నాళ్ళకు రాజేశ్వరి దిండుకు ఆనుకుని గంజి తాగుతుంటే, సారంగపాణి పక్కన కూర్చుని మంచు సంగతి, రాహుకాలం సంగతి, ప్రస్థానం సంగతి వరసగా చెప్పుకొచ్చాడు. ఆమె అంతా విని ఖాళీ గ్లాసు అతని చేతికిచ్చింది.

"నా కోసం బయలెల్లినవా తమ్మీ, ఇమానం కోసమా?"

ఆమె గొంతులో కోపం లేదు. అక్క దగ్గర అబద్ధమాడే అలవాటు అతనికీ లేదు. గ్లాసు కడుక్కొస్తానని లేచి బయటికి నడిచాడు.